మాట తెర మీది మనిషి నోట్లోంచే రావాలంటే: సెంటర్ స్పీకర్‌కి చోటు, వైరు, సెట్టింగులు

హోమ్ థియేటర్ ఉన్న ఇళ్ళలో సినిమా మొదలైన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు రిమోట్ చేత్తో పట్టుకునే కూర్చుంటారు. మాటలు సరిగా వినపడవని సౌండ్ పెంచుతారు. ఫైట్ రాగానే కిటికీ అద్దాలు అదురుతాయి, గబుక్కున తగ్గిస్తారు. మళ్ళీ మాటలు, మళ్ళీ పెంచడం. సినిమా అయ్యేదాకా ఇదే పని. చివరికి తప్పు స్పీకర్‌దేనని తేల్చేసి, కొత్తది ఏది కొందామా అని వెతకడం మొదలుపెడతారు.

నేను చూసినంతలో తప్పు స్పీకర్‌ది అయిన సందర్భాలు తక్కువ. 5.1 సౌండ్‌ట్రాక్‌లో, అంటే అయిదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ (అడుగు బాస్ పలికే స్పీకర్) విడివిడిగా ధ్వని ఉన్నదాంట్లో, డైలాగ్ దాదాపు అంతా సెంటర్ ఛానల్‌లోనే, అంటే మధ్య స్పీకర్‌కి పోయే ధ్వనిలోనే ఉంటుంది. అంత బరువు మోసే స్పీకర్‌ని తీసుకెళ్ళి టీవీ స్టాండ్ కింది అరలో, మన మోకాళ్ళకి గురిపెట్టి దూర్చేస్తాం. లెఫ్ట్, రైట్ స్పీకర్లకి మాత్రం మంచి స్టాండ్లు కొంటాం. కొత్తది కొనేముందు ఒక సాయంత్రం వీలు చేసుకుని, కొలత టేపు పట్టుకుని కింది వరుసలో పని చేసి చూడండి. ముందు చోటు, తర్వాత వైరు, ఆ తర్వాతే సెట్టింగులు. వరుస తిరగబడితే చేసిన పనే మళ్ళీ చెయ్యాల్సి వస్తుంది.

అసలు మధ్యలో ఇంకో స్పీకర్ ఎందుకు

రెండు స్పీకర్లలోంచి ఒకే గొంతు ఒకే స్థాయిలో వస్తే అది మధ్యలో ఉన్నట్టే అనిపిస్తుంది. మరి మూడోది దేనికి? ఆ భ్రమ నట్టనడుమ కూర్చున్నవాళ్ళకే కలుగుతుంది కాబట్టి. సోఫాలో ఒక సీటు పక్కకి జరిగితే చాలు, దగ్గరున్న స్పీకర్ శబ్దం ముందు చేరుతుంది. చెవి ముందొచ్చినదాన్నే నమ్ముతుంది. తెర మధ్యలో మనిషి పెదవులు కదుపుతుంటే మాట ఎక్కడో గోడ మూల నుంచి వస్తుంది.

నడుమ కూర్చున్నవాళ్ళకీ కొంత నష్టం ఉంది. ఎడమ స్పీకర్ శబ్దం ఎడమ చెవికి చేరాక, తల చుట్టూ తిరిగి కుడి చెవికి చేరడానికి సుమారు పావు మిల్లీసెకను ఎక్కువ పడుతుంది. రెండు స్పీకర్లూ ఒకే మాట పలుకుతున్నాయి కాబట్టి, ఆ మాట ప్రతి చెవిలోనూ చిన్న ఎడంతో రెండుసార్లు పడుతుంది. రెండూ కలిసినప్పుడు 2,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వని కొంత తరిగిపోతుంది. హల్లులు విడివిడిగా తెలియడానికి ముఖ్యమైన ప్రాంతం అదే. ఒకే స్పీకర్ లోంచి వచ్చే మాటకి ఈ తంటా లేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1933లో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాని టెలిఫోన్ లైన్ల మీదుగా వాషింగ్టన్‌లోని హాలుకి వినిపించినప్పుడు వాడినవి మూడు ఛానళ్ళు: ఎడమ, మధ్య, కుడి. పెద్ద హాల్లో అందరికీ మధ్య భాగం మధ్యలోనే వినిపించాలంటే రెండు చాలవని వాళ్ళకి అప్పటికే తెలుసు. సినిమా హాళ్ళలో ఆ మధ్య స్పీకర్ సన్నని చిల్లులున్న తెర వెనకాల ఉంటుంది. ఇంట్లో టీవీకి చిల్లులు పెట్టలేం కదా! మన ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

మొదటి పని: చెవి ఎత్తు కొలవడం

మీరు రోజూ కూర్చునే చోటే, రోజూ కూర్చునే తీరులోనే కూర్చోండి. నిటారుగా కాదు, సినిమా చూసేటప్పుడు ఎలా జారగిలబడతారో అలా. నేల నుంచి చెవి దాకా ఎత్తు ఎవరినైనా కొలవమనండి. మామూలు సోఫాలో ఇది మీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. వాలుకుర్చీ అయితే ఇంకా తక్కువ. ఆ అంకె రాసిపెట్టుకోండి, ఈ సాయంత్రమంతా పనికొచ్చేది అదే.

ముందున్న మూడు స్పీకర్ల ట్వీటర్లూ (సన్నని ధ్వనులు పలికే చిన్న యూనిట్లు) ఈ ఎత్తులోనే ఉంటే అంతకంటే కావలసింది లేదు. ప్రొజెక్టర్ పెట్టుకుని, శబ్దాన్ని దాటనిచ్చే తెర వేసుకున్నవాళ్ళకి ఈ భాగ్యం దక్కుతుంది. తెర వెనక నడుమ ఒక స్పీకర్ నిలబెడితే సినిమా హాల్లాగే ఉంటుంది. వీలైతే ముందున్న మూడింటికీ ఒకే మోడల్ వాడండి, మధ్యదాన్ని కూడా నిలువుగానే పెట్టండి.

టీవీ ఉన్నవాళ్ళకి రెండే దారులు: టీవీ కింద లేదా టీవీ పైన. నా ఓటు కిందికే. కాకపోతే ఏది ఎంచుకోవాలన్నది టేపు చెప్పాలి. చెవి ఎత్తుకీ ట్వీటర్ ఎత్తుకీ ఉన్న తేడాని, స్పీకర్ నుంచి సోఫాకి ఉన్న దూరంతో భాగించండి. ఉదాహరణకి చెవి 100 సెంటీమీటర్ల ఎత్తులో, ట్వీటర్ 50లో, సోఫా 250 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. తేడా 50. 50ని 250తో భాగిస్తే అయిదో వంతు, అంటే సుమారు 11 డిగ్రీలు. ఇది సర్దుకోగలిగిన కోణం. నాలుగో వంతు, అంటే సుమారు 14 డిగ్రీలు దాటితే నేనైతే వేరే చోటు చూస్తాను.

చాలాసార్లు అసలు దోషి టీవీయే. ఫోటో ఫ్రేము తగిలించినట్టు గోడ మీద ఎత్తున బిగించేస్తారు. తెర పైకి పోయాక కింద పెట్టిన సెంటర్ స్పీకర్ మాటకీ బొమ్మకీ మధ్య రెండడుగుల ఎడం వస్తుంది. టీవీని కిందికి దించగలిగితే మెడకీ మంచిది, మాటకీ మంచిది. దించలేకపోతే అప్పుడు పైన పెట్టడం గురించి ఆలోచించండి. అప్పుడు కూడా గోడకి దాని బరువుకి తగ్గ బ్రాకెట్ వేసి, ముందుకి వంచి పెట్టాలి. టీవీ అంచు మీద నిలబెట్టే సాహసం మాత్రం వద్దు.

వంపు, అంచు, అర

కింద పెట్టిన స్పీకర్ తల ఎత్తి మన మొహం చూడాలి. ఎంత ఎత్తాలో పైన చేసిన భాగహారమే చెబుతుంది. స్పీకర్ లోతు 28 సెంటీమీటర్లు అయితే, అందులో అయిదో వంతు, 5.6 సెంటీమీటర్లు ముందు అంచుని ఎత్తాలి. తలుపుకి పెట్టే రబ్బరు ఆపులు రెండు చాలు. వెనక్కి జారకుండా కింద రబ్బరు చాప ముక్క వెయ్యండి. సరిగా వంగిందో లేదో చూడటానికి చిన్న ఉపాయం: చిన్న అద్దాన్ని ట్వీటర్ పక్కన స్పీకర్ ముఖానికి ఆనించి పట్టుకోమనండి. సోఫాలో కూర్చుని చూస్తే అందులో మీ మొహం కనబడాలి. పైకప్పు కనబడితే ఎక్కువ వంచారు, మీ కాళ్ళు కనబడితే ఇంకా వంచాలి.

తర్వాత అంచు. స్పీకర్‌ని అర మధ్యలో లోపలికి నెట్టి పెడితే, దాని ముందు మిగిలిన చెక్క బల్లలా పనిచేస్తుంది. శబ్దం ఆ చెక్కకి తగిలి, అసలు మాట వెనకే ఒక నకలు మాట వస్తుంది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. స్పీకర్ ముఖం అర అంచుతో సమానంగా ఉండాలి, ఒక సెంటీమీటరు బయటికి వచ్చినా తప్పులేదు. ఈ ఒక్క మార్పుతోనే, పైసా ఖర్చు లేకుండా, మాట తేటపడటం నేను చాలాసార్లు విన్నాను.

నాలుగు పక్కలా మూసుకున్న అర అయితే కథ వేరు. చుట్టూ ఉన్న చెక్క మగగొంతుల అడుగుభాగాన్ని, అంటే 100 నుంచి 300 హెర్ట్జ్ ప్రాంతాన్ని, అనవసరంగా ఉబ్బిస్తుంది. వార్తలు చదివే మనిషి కుండలో తల పెట్టి చదువుతున్నట్టు ఉంటుంది. ముందు దాన్ని ఆ అర నుంచి బయటికి తెచ్చే మార్గం చూడండి. టీవీ ముందు పొట్టి స్టాండ్ ఒకటి వేస్తే చాలు. అది కుదరకపోతే స్పీకర్ చుట్టూ మిగిలిన ఖాళీలో మందపాటి ఫోమ్ కూరండి. వెనక గాలి రంధ్రం ఉన్న స్పీకర్ అయితే దాన్ని మాత్రం మూయకుండా, వెనక కనీసం ఒక జానెడు ఖాళీ ఉంచండి. తలుపులున్న అర అయితే సినిమా చూసేటప్పుడు తలుపు తీసే ఉండాలి, గాజు తలుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. స్పీకర్ కింద మెత్తని రబ్బరు పాదాలు పెడితే స్టాండ్ మీది సామాను గిలగిలలాడటం కూడా తగ్గుతుంది.

ఎడమ కుడి లెక్కల్లో పెద్ద చిక్కేమీ లేదు. సెంటర్ తెరకి సరిగ్గా మధ్యన ఉండాలి. లెఫ్ట్, రైట్ స్పీకర్లు మీ చోటు నుంచి చూస్తే చెరో పక్క 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. మూడు మీటర్ల దూరంలో కూర్చునేవాళ్ళకి, నడిమి గీత నుంచి చెరో పక్క సుమారు 1.1 నుంచి 1.5 మీటర్లు. మూడింటినీ ఒకే సరళరేఖ మీద పెడితే సెంటర్ మిగతా రెండింటికన్నా దగ్గరవుతుంది. 30 డిగ్రీల కోణంలో ఈ తేడా 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. సెంటర్‌ని వెనక్కి జరపగలిగితే జరపండి, లేకపోతే రిసీవర్ (స్పీకర్లన్నిటికీ ధ్వని పంపే పెట్టె) సర్దుకుంటుంది. దీని కోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

అడ్డంగా పడుకున్న డబ్బా చేసే మోసం

చాలా సెంటర్ స్పీకర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి: నడుమ ట్వీటర్, చెరో పక్క ఒక వూఫర్ (లావు ధ్వనులు పలికే పెద్ద యూనిట్). ఈ అమరికని నిలువుగా నిలబెట్టేందుకే మొదట ఆలోచించారు. టీవీ కింద పట్టదు కాబట్టి పడుకోబెట్టారు. పడుకోబెట్టగానే ఒక లోపం వచ్చి చేరింది. ఎదురుగా కూర్చుంటే రెండు వూఫర్లూ సమాన దూరంలో ఉంటాయి. పక్క సీట్లో కూర్చుంటే ఒకటి దగ్గర, ఒకటి దూరం. రెండు వూఫర్ల మధ్య 30 సెంటీమీటర్లు ఎడం ఉందనుకుందాం. 30 డిగ్రీలు పక్కకి కూర్చున్నవాళ్ళకి దూరంలో తేడా 15 సెంటీమీటర్లు. శబ్దం వేగం సెకనుకి 343 మీటర్లు కాబట్టి, సుమారు 1,140 హెర్ట్జ్ దగ్గర ఆ 15 సెంటీమీటర్లు సగం తరంగంతో సమానం. అక్కడ రెండు వూఫర్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మాట నడుమ భాగంలో పెద్ద గుంట పడుతుంది. నడుమ కూర్చున్న మీకు అంతా బ్రహ్మాండంగా ఉంటుంది, సోఫా చివర కూర్చున్నవాళ్ళు మాత్రం "ఏమన్నాడు?" అని అడుగుతుంటారు. వాళ్ళ చెవుల్లో లోపం లేదు.

మీ దగ్గరున్నది ఇలాంటిదేనా అన్నది చెవితోనే తేల్చుకోవచ్చు. రిసీవర్‌లో టెస్ట్ టోన్ అని ఒక "హుష్‌ష్" శబ్దం ఉంటుంది. దాన్ని సెంటర్‌లో మోగించి, సోఫా ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా జరగండి. పక్కకి వెళ్ళేకొద్దీ "హుష్‌ష్" కాస్తా "హోష్‌ష్" అన్నట్టు రంగు మారితే ఆ లోపం ఉన్నట్టు. చివర కూర్చున్నవాళ్ళు 15 డిగ్రీల లోపు పడేంత దూరంగా సోఫాని జరిపితే ఆ గుంట 2,000 హెర్ట్జ్ పైకి పోతుంది. చాలా స్పీకర్లలో ట్వీటర్ పని అందుకునేది ఆ పైనే కాబట్టి లోపం పూర్తిగా పోదు, కానీ వెడల్పు తగ్గి ఓర్చుకునేలా ఉంటుంది. కొత్తది కొంటే, నడుమ ట్వీటర్ కిందే ఒక చిన్న మిడ్‌రేంజ్ (నడిమి ధ్వనులు పలికే యూనిట్) ఉండి, వూఫర్లు రెండు పక్కలా ఉన్న మూడు దారుల స్పీకర్ చూడండి. లేదా లెఫ్ట్, రైట్‌లకి ఉన్నలాంటి మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ ఒకటే మధ్యలో నిలువుగా పట్టేలా చోటు చెయ్యండి. చూడ్డానికి అంత సొగసుగా ఉండదు, వినడానికి ఉంటుంది.

కొనేటప్పుడు లెఫ్ట్, రైట్ స్పీకర్లు ఏ సిరీస్‌వో అదే సిరీస్‌లోది తీసుకోవడం మంచిది. కారు తెర ఎడమ నుంచి కుడికి పోతున్నప్పుడు మధ్యలో ఇంజను గొంతు మారిపోకూడదు. ఒకటి చాలట్లేదని టీవీ పైన ఒకటి, కింద ఒకటి పెట్టి రెండింటినీ రిసీవర్ వెనక ఒకే టెర్మినల్‌కి (వైరు బిగించే చోటు) కలిపే ఆలోచన మాత్రం మానుకోండి. 8 ఓమ్‌లవి రెండు సమాంతరంగా కలిపితే రిసీవర్‌కి 4 ఓమ్‌ల భారం పడుతుంది (ఓమ్‌లు తగ్గేకొద్దీ భారం ఎక్కువ). పైగా ఒకే మాట రెండు చోట్ల నుంచి వచ్చి, పైన చెప్పిన కొట్టివేతలే మళ్ళీ మొదలవుతాయి.

వైరు ఎంత లావు కావాలి

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. స్పీకర్ వైరు మీద జరిగినన్ని వాదనలు సినిమా కథల మీద కూడా జరగలేదేమో. కావలసింది మంచి రాగి, తగినంత లావు, గట్టి బిగింపు. ఇంకేమీ లేదు.

వైరు నిరోధం, పోనూ రానూ కలిపి, స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది 0.4 ఓమ్‌లు. 16 గేజ్ రాగి వైరు, అంటే సుమారు 1.3 చదరపు మిల్లీమీటర్లది, ఆ హద్దులో 15 మీటర్ల దూరం దాకా పనికొస్తుంది. 14 గేజ్, అంటే సుమారు 2.1 చదరపు మిల్లీమీటర్లది, 24 మీటర్ల దాకా. 4 ఓమ్‌ల స్పీకర్ అయితే ఈ దూరాలు సగమవుతాయి. సెంటర్ స్పీకర్ సాధారణంగా రిసీవర్‌కి రెండు మూడు మీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి 16 గేజ్ ధారాళంగా సరిపోతుంది. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుందని మాత్రం గుర్తుంచుకోండి, చాలామంది ఇక్కడే తికమకపడతారు.

మోసం జరిగేది లోహం దగ్గర. అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసిన వైర్లు రాగి వైర్లలాగే కనిపిస్తాయి. నిరోధం మాత్రం ఒకటిన్నర రెట్లకి పైనే ఉంటుంది, పదేపదే వంచితే తెగిపోతాయి కూడా. ఒక పోగుని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియమే. చేతికి తేలిగ్గా ఉన్నా అనుమానించాల్సిందే.

మూడు ముందు స్పీకర్లకీ వైరు పొడవు సమానంగా ఉండాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. కరెంటు సంకేతం వైరులో పోయే వేగానికి రెండు మీటర్ల తేడా లెక్కలోకే రాదు. సెంటర్‌కి చిన్న ముక్క కోసుకోండి. స్పీకర్‌ని బయటికి లాగి పని చేసుకునేంత వదులు మాత్రం, ఒక మీటరు దాకా, ఉంచండి.

వైరు బిగించే వరుస

1. రిసీవర్ ఆపెయ్యండి, ప్లగ్ కూడా గోడ నుంచి పీకెయ్యండి. రిమోట్‌తో ఆపితే అది పూర్తిగా ఆగినట్టు కాదు.

2. వైరు రెండు తీగల్లో ఒకదాని మీద ఏదో గుర్తు ఉంటుంది: ఎర్ర గీత, అచ్చు వేసిన అక్షరాలు, లేదా ఉబ్బెత్తు గాటు. దాన్ని ప్లస్ అనుకోండి. రెండు కొసల దగ్గరా అదే మాట మీద ఉండండి. గుర్తు కనబడకపోతే రెండు కొసల్లోనూ ఒకే తీగకి రంగు టేపు చుట్టండి.

3. కొసలు వేళ్ళతో చీల్చి, 10 నుంచి 12 మిల్లీమీటర్లు తొక్క తియ్యండి. పోగులు తెగకుండా తియ్యాలి. తీశాక పోగులన్నీ ఒకే దిక్కుగా గట్టిగా మెలిపెట్టండి.

4. రిసీవర్ వెనక "సెంటర్" అని రాసి ఉన్న జతనే వెతకండి. "సరౌండ్ బ్యాక్" అనేది వేరే జత. వెనక్కి వంగి, టార్చి నోట్లో పెట్టుకుని చూసేటప్పుడు ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది.

5. ఎరుపు మరకి గుర్తున్న తీగ, నలుపుకి రెండోది. మర విప్పి, పక్కనున్న రంధ్రంలో తీగ దూర్చి, వేళ్ళతో గట్టిగా బిగించండి. ప్లయర్ అక్కర్లేదు. తొక్క మర కింద ఇరుక్కోకూడదు, రాగి బయటికి కనబడకూడదు.

6. స్పీకర్ వెనక కూడా అంతే. రెండు జతల టెర్మినళ్ళు, వాటిని కలుపుతూ ఇత్తడి పట్టీలు ఉంటే ఆ పట్టీలు తియ్యకండి. ఏదో ఒక జతకి వైరు ఇస్తే చాలు.

బనానా ప్లగ్ (వైరు కొసకి తొడిగే ముల్లు) వాడితే మళ్ళీ మళ్ళీ విప్పి పెట్టడం సుఖం, పోగులు విడిపోయే బెడదా ఉండదు. కొన్ని రిసీవర్లలో మర నడిమి రంధ్రానికి ప్లాస్టిక్ బిరడా ఉంటుంది, దాన్ని పీకితే ప్లగ్ దిగుతుంది.

అయిదో మెట్టు దగ్గర నా అనుభవం ఒకటి. ఒకసారి హడావిడిలో మెలిపెట్టకుండానే బిగించాను. వెంట్రుక లాంటి ఒక్క పోగు పక్క మరని తాకుతూ ఉండిపోయింది. రిసీవర్ ఆన్ చెయ్యగానే టక్కుమని ఆగిపోవడం, మళ్ళీ ఆన్, మళ్ళీ టక్కు. రిసీవరే పోయిందని టెన్షన్ పడి, వెనక్కి తిప్పి టార్చి వేసి చూస్తే ఆ పోగు మెరుస్తోంది. రక్షణ సర్క్యూట్ తన పని తాను చేసింది. అది లేని పాత యాంప్లిఫయర్ అయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోయి ఉండేవి.

గోడలోంచి వైరు పోవాలంటే గోడ లోపల వాడటానికి తగిన, మంట తొందరగా అంటుకోని తొడుగున్న వైరు తీసుకుని పైపులోంచి లాగండి. కరెంటు వైర్లతో ఒకే పైపులో ఎప్పుడూ వెయ్యకండి. వాటి పక్కనే సమాంతరంగా పోవాల్సి వస్తే కనీసం 30 సెంటీమీటర్లు ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. గోడ తొలిచే ముందు కరెంటు లైన్లు ఎటు పోతున్నాయో తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

ప్లస్, మైనస్ తారుమారైతే

లెఫ్ట్, రైట్‌లలో ఒకదానికి తీగలు తారుమారైతే బాస్ మాయమై వెంటనే తెలిసిపోతుంది. సెంటర్ విషయంలో అలా కాదు. మాట ఒక్క స్పీకర్ లోంచే వస్తుంది కాబట్టి తారుమారైనా మాట మాటలాగే వినిపిస్తుంది. నష్టం వేరే చోట. శబ్దం ఎడమ నుంచి మధ్యకి జరిగేటప్పుడు నడుమ ఎక్కడో తేలిపోతుంది. సబ్‌వూఫర్‌తో పని పంచుకునే 80 హెర్ట్జ్ దగ్గర రెండూ కలవక గొంతుల్లో నిండుదనం పోతుంది. ఏళ్ళ తరబడి ఇలా విన్నవాళ్ళూ ఉన్నారు.

అనుమానం ఉంటే 1.5 వోల్టుల టార్చి బ్యాటరీ తీసుకోండి. రిసీవర్ దగ్గర వైరు రెండు తీగలూ విప్పి, వాటిని బ్యాటరీకి ఒక్క క్షణం తాకించండి, ప్లస్ తీగ ప్లస్‌కి. వూఫర్ బయటికి పొంగితే కనెక్షన్ సరిగా ఉన్నట్టు, లోపలికి పోతే ఎక్కడో తిరగబడినట్టు. తాకించి తీసెయ్యాలి, పట్టుకుని ఉండకూడదు. తీగలు రిసీవర్‌కి ఉండగా ఈ పని అస్సలు చెయ్యకండి.

రిసీవర్ ఆటో సెటప్‌లో (మైకుతో స్పీకర్లని తానే కొలిచి సర్దుకునే పద్ధతి) సెంటర్ ఫేజ్, అంటే ప్లస్ మైనస్ వరుస, తప్పు అని సందేశం రావచ్చు. వైరింగ్ సరిగానే ఉన్నా కొన్ని స్పీకర్లకి లోపలి క్రాసోవర్ (ధ్వనిని వూఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) వల్ల ఇలా వస్తుంది. బ్యాటరీ పరీక్ష సరిపోతే ఆ సందేశాన్ని దాటెయ్యండి.

రిసీవర్‌కి చెప్పాల్సినవి

మైకుని కెమెరా స్టాండ్ మీద చెవి ఎత్తులో పెట్టి ఆటో సెటప్ నడపండి. సోఫా వీపు మీద పెడితే మెత్త దగ్గరి ప్రతిధ్వని కూడా లెక్కలోకి పోతుంది. ఫ్యాన్ ఆపండి, మీరూ గది బయట నిలబడండి. అయ్యాక మెనూలోకి వెళ్ళి అది ఏం రాసుకుందో చూడండి. గుడ్డిగా నమ్మకూడదు.

సెంటర్ సైజు "లార్జ్" అని పెట్టి ఉంటే "స్మాల్" చెయ్యండి. ఇది డబ్బా సైజు గురించిన మాట కాదు, అడుగు బాస్ సబ్‌వూఫర్‌కి పంపాలా వద్దా అన్న ప్రశ్న. రిసీవర్ మెనూలోని క్రాసోవర్, అంటే ఏ హద్దు కింది ధ్వని సబ్‌వూఫర్‌కి పోవాలన్న సెట్టింగు, 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. అరచేతంత వూఫర్లున్న చిన్న స్పీకర్ అయితే 100 లేదా 120. దూరం టేపు కొలతకి దగ్గరగా ఉందో లేదో చూడండి. 34 సెంటీమీటర్లకి ఒక మిల్లీసెకను చొప్పున లెక్క, అడుగు తేడా ఉంటే సరిదిద్దండి. సబ్‌వూఫర్ దూరం మాత్రం టేపు కన్నా ఎక్కువ చూపిస్తే ముట్టుకోకండి, దాని లోపలి ఆలస్యాన్ని కలుపుకుని అలా రాస్తుంది.

లెవెల్ కోసం ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ చాలు. యాప్‌లో సి వెయిటింగ్, స్లో అనే సెట్టింగులు పెట్టి, టెస్ట్ టోన్ మూడు ముందు స్పీకర్లలో ఒక్కోదానికీ మోగించండి. మూడూ ఒకే అంకె చూపించాలి. 75 డెసిబెల్ దగ్గర సర్దడం ఆనవాయితీ. ఫోన్ చూపించే అంకె కచ్చితం కాకపోయినా, మూడింటినీ పోల్చడానికి సరిపోతుంది. ఆ తర్వాత మాట కోసం సెంటర్‌ని 2, 3 డెసిబెల్ పెంచుకోవడం తప్పేమీ కాదు. 6 పెంచినా మాట తేటపడకపోతే సమస్య లెవెల్‌లో లేదు, మళ్ళీ చోటు దగ్గరికి వెళ్ళండి. రాత్రిపూట చూసేవాళ్ళు డైనమిక్ రేంజ్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా) తగ్గించే నైట్ మోడ్ వాడితే మొదట్లో చెప్పిన రిమోట్ కసరత్తు చాలావరకు తప్పుతుంది.

సెంటర్ మోగకపోతే

వైరు విప్పకముందే టెస్ట్ టోన్ వెయ్యండి. టోన్ వస్తే వైరింగ్ బాగానే ఉంది, తప్పు సోర్స్‌లో ఉంది. స్టీరియో లేదా డైరెక్ట్ మోడ్‌లో రెండు ఛానళ్ళ పాట పెడితే సెంటర్ మోగదు, అది మోగకూడదు కూడా. డాల్బీ సరౌండ్ లాంటి మోడ్ ఎంచుకుంటే మధ్యలోకి మాట వస్తుంది. టీవీలోని యాప్‌లు చూస్తూ ఆర్క్ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా రిసీవర్‌కి పంపే దారి) ద్వారా పంపుతుంటే, టీవీ ఆడియో మెనూలో పీసీఎం (టీవీయే ధ్వనిని విప్పి పంపే పద్ధతి) ఉందేమో చూడండి. అది ఉంటే చాలా టీవీలు రెండు ఛానళ్ళే పంపుతాయి. ధ్వనిని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే బిట్‌స్ట్రీమ్ లేదా పాస్ త్రూకి మార్చండి. రిసీవర్ ముందు పలకలో ఎన్ని ఛానళ్ళు వస్తున్నాయో చూపిస్తుంది, ఒకసారి అటు చూస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

టోన్ కూడా రాకపోతే సెంటర్ వైరుని రిసీవర్ వెనక లెఫ్ట్ టెర్మినల్‌కి మార్చి చూడండి. మార్చేటప్పుడు ప్లగ్ పీకడం మరవకండి. అప్పుడు మోగితే రిసీవర్ సెంటర్ ఛానల్‌దో, మెనూలో సెంటర్ "లేదు" అని ఉండటందో తప్పు. మోగకపోతే బాగా మోగుతున్న స్పీకర్ వైరుని తెచ్చి సెంటర్‌కి తగిలిస్తే వైరా, స్పీకరా అన్నది తేలుతుంది.

అన్నీ అయ్యాక చివరి పరీక్ష. వార్తలు చదివే మనిషి తెర నడుమ ఉన్న కార్యక్రమం ఒకటి పెట్టండి. కళ్ళు మూసుకుని, మాట ఎక్కడి నుంచి వస్తోందో అక్కడికి వేలు చూపించండి. కళ్ళు తెరిచి చూస్తే వేలు ఎటుంది? మనిషి మొహం మీదో, గెడ్డం దగ్గరో ఉంటే పని అయినట్టే. టీవీ స్టాండ్ మీద ఉంటే ముందు అంచు కింద ఇంకో సెంటీమీటరు ఎత్తు పెట్టి, సోఫా చివర కూర్చునేవాళ్ళని కూడా పిలిచి, ఈసారి వాళ్ళతో వేలు చూపించమనండి.